పెళ్ళికొచ్చావా, డ్యూటీకొచ్చావా?

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ సెకండ్ ఇయర్ చదువుతున్నాను. మా ఊరు నల్గొండ దగ్గర. ఆషాఢంలో ఇంటికెళ్తే అమ్మ గోరింటాకు పెట్టింది. సోమవారం క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రి డ్యూటీకి, వచ్చేసరికి మా ట్యూటర్ మేడమ్ వార్డులో పేషెంట్ల ముందే నా చేతులు చాపించి, “పెళ్ళికొచ్చావా, డ్యూటీకొచ్చావా?” అన్నారు. ఆ రోజు అటెండెన్స్ వేయలేదు. గోళ్ళు కొంచెం పెరిగిన మాట నిజమే, పాలిష్ కూడా ఉంది, కానీ రంగు లేనిదే. మా కాలేజీలో తెల్ల ప్యాంటు, తెల్ల కోటు వేసుకోవాలి. జడ వేలాడకూడదు, ముక్కుపుడక తీసేయాలి, చేతికి వాచీ ఉండకూడదు. మళ్ళీ పల్స్ చూడమన్నప్పుడు వాచీ ఏదని అడుగుతారు! అబ్బాయిలను మాత్రం ఎవరూ ఇలా వరసలో నిలబెట్టరు. స్కార్ఫ్ కట్టుకునే నా ఫ్రెండ్‌ను అది తీసేయమంటున్నారు. తెల్ల ప్యాంటుతో నెలలో ఆ నాలుగు రోజులూ ఎంత టెన్షనో మీకు తెలుసు. హాస్టల్లో దీని మీద రోజూ గొడవే. యూనిఫాం వేసుకుంటేనే నర్సునన్న ఫీలింగ్ వస్తుందని సగం మంది, చేతిలో పని ఉంటే చాలు, బట్టలదేముందని మిగతావాళ్ళు. ప్రొఫెషనల్‌గా కనిపించడం అంటే అసలేంటి మేడమ్? మా మేడమ్‌తో మాట్లాడాలా, నోరు మూసుకుని కోర్సు పూర్తి చేసుకోవాలా?

— సెకండ్ ఇయర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మాయ్, ముందు గోరింటాకు సంగతి తేల్చేద్దాం. నీకు ఏడుపొచ్చింది అక్కడే కాబట్టి. మీ అమ్మ నూరి పెట్టిన ఆకు వల్ల పేషెంటుకు వచ్చే నష్టమేమీ లేదు. అది చర్మం పైపొరకు పట్టిన రంగు. నెయిల్ పాలిష్‌లా పెచ్చులు లేవదు, ఆ పెచ్చుల సందుల్లో మురికి పట్టదు. ఎరుపు ఉన్నా లేకపోయినా కడుక్కున్న చెయ్యి కడుక్కున్న చెయ్యే. ఆ రోజు నీ అటెండెన్స్ పోవాల్సింది కాదు. పేషెంట్ల ముందు ఆ మాట పడాల్సింది అంతకన్నా కాదు.

గంటలో నల్లగా పండుతుందని చెప్పి అమ్మే కోన్ల సంగతి వేరు. అంత నలుపు ఉత్త ఆకుతో రాదు. జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది పడనివాళ్ళకు చేతులు బొబ్బలెక్కుతాయి. బొబ్బలెక్కిన చేతికి డ్యూటీ అంతా శానిటైజర్ రుద్దుకుంటూ ఉండలేవు. పగిలిన చర్మం మీద సూక్ష్మజీవులు చేరడమూ ఎక్కువే. కాబట్టి ఆకు సరే, కోను వద్దు.

ఇక గోళ్ళు. ఇక్కడ మాత్రం నేను మీ మేడమ్ పక్షం. “పాలిష్ ఉంది, కానీ రంగు లేనిదే” అని ఎంత మెల్లగా జారవిడిచావో, చదివి నవ్వొచ్చింది. రంగు లేకపోతే అది పాలిష్ కాకుండా పోతుందా తల్లీ? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చేతుల శుభ్రత మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో గోరు కొస అర సెంటీమీటరు లోపే ఉండాలని ఉంది. అతికించుకునే గోళ్ళయితే అసలు వద్దని ఉంది. ముసలి మేడమ్‌ల చాదస్తం అనుకోకు. అమెరికాలో ఓక్లహోమాలోని ఒక నవజాత శిశువుల ఐసీయూలో 1997, 98 సంవత్సరాల్లో సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా నెలల తరబడి వదలకుండా పసికందులకు సోకుతూ వచ్చింది. ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ పోతే, గోళ్ళు పెంచుకున్న ఒక నర్సు చేతులకూ, గోళ్ళు అతికించుకున్న ఇంకో నర్సు చేతులకూ దానితో సంబంధం కనిపించింది. సోకిన పిల్లల్లో 16 మంది చనిపోయారు. ఆ గోళ్ళు కూడా ఒక కారణం అయ్యుండొచ్చని పరిశోధకులు రాశారు. ఆ ఇద్దరూ పని దొంగలని ఎవరూ అనలేదు. గోరు కింద దాక్కున్నది కడిగినా ఓ పట్టాన పోదు, అదే అసలు చిక్కు.

నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. అరచేతిని మొహానికి ఎదురుగా పెట్టుకుని చూడు. వేలి కొస దాటి గోరు కనిపించిందా, కత్తిరించు.

ఉంగరం సంగతి నువ్వు రాయలేదు. నేనే చెప్తాను. నేను నర్సు ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, ఎనభైల్లో, నిశ్చితార్థానికి పెట్టిన ఉంగరం ఒకటి ఉండేది. ఎత్తుగా రాయి. వార్డు సిస్టర్ కనబడగానే రాయిని అరచేతి వైపు తిప్పేసేదాన్ని. ఒక రోజు పొద్దున ఒక అవ్వకు బ్యాక్ కేర్ ఇస్తున్నాను, అంటే వీపు శుభ్రం చేస్తున్నాను. ఎనభై దాటి ఉంటుంది. ఒళ్ళంతా ఎముకలే, వాటి మీద ఉల్లిపొర లాంటి చర్మం. పక్కకు తిప్పుదామని చేతి కింద చెయ్యి పెట్టి లాగాను. అవ్వ అరవను కూడా లేదు. నా చెయ్యి బయటికి తీస్తే రాయికి తడి తగిలింది. చూద్దును కదా, మోచేతి పైన రెండంగుళాల మేర చర్మం ఒలిచినట్టు లేచిపోయి ఉంది. రక్తం వెంటనే రాలేదు. కాసేపాగి, చుక్కలు చుక్కలుగా వచ్చింది. “ఏమైంది బిడ్డా?” అని అవ్వ నన్నే అడిగింది. ఏం కాలేదవ్వా అన్నాను. సిస్టర్‌తో కూడా మంచం రాడ్డు గీసుకుందని చెప్పాను. ఆ అబద్ధం ఉంగరం కన్నా పెద్ద తప్పని నాకు అప్పుడు తెలియదు. గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను. ప్రతిసారీ అవ్వ నా తల నిమిరేది.

అప్పటి నుంచి ఏ రూలు మీద ఎవరు గొడవపడినా నేను మనసులో ఆ మంచం దగ్గరికే వెళ్తాను. మంచం మీదున్న మనిషికి ఇది గుచ్చుకుంటుందా? వినబడుతుందా? వాసనొస్తుందా? ఇది చూస్తే నేనెవరో వాళ్ళకు తెలుస్తుందా? మంచం దాకా వచ్చే రూలు ఏదైనా సరే, కిమ్మనకుండా పాటించు. మంచం దాకా రానే రాని రూలు ఉంటే, అది ఎవరి కోసం పెట్టారో అడగొచ్చు. నువ్వడిగిన ప్రొఫెషనల్ అనే మాటకు నాకు తెలిసిన అర్థం అదే.

ఈ లెక్కన చూస్తే చేతికి వాచీ వద్దనడం న్యాయమే. వాచీ ఉంటే మణికట్టు కడగలేవు. బ్రిటన్‌లో 2007లో ఆరోగ్య శాఖ మోచేతుల కింద ఏమీ ఉండొద్దని చెప్పింది. పొడుగు చేతుల చొక్కాల్లేవు, వాచీల్లేవు, గాజుల్లేవు. పేషెంటును ముట్టుకునే పెద్ద డాక్టర్లకు కూడా అదే రూలు. మన దగ్గర వాచీ కన్నా పెద్ద సమస్య దారాలు. యాదగిరిగుట్టకు పోయొచ్చి ఒకటి, దర్గాకు పోయొచ్చి ఒకటి, రాఖీ నాడు కట్టింది ఒకటి. రంగు వెలిసి, తడిసి, సగం ఎండి మణికట్టుకు అట్లాగే ఉంటాయి. శానిటైజర్ ఆరడానికి 20, 30 సెకన్లు పడుతుంది, దారం ఆరడానికి పూట పడుతుంది. తెంపేయమంటే పిల్లలు బాధపడతారని నేను మా స్టూడెంట్లకు ఒక ఉపాయం చెప్పేదాన్ని. విప్పి దండచేతికి కట్టుకోండి, దేవుడికి మణికట్టయినా దండచెయ్యయినా ఒకటే అని. ఒక్కరు కూడా కాదనలేదు.

గాజుల సంగతి తీసుకో. చప్పుడు ఎంత బాధో రాత్రి డ్యూటీలో తెలుస్తుంది. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేని పేషెంటు అప్పుడే నిద్రలోకి జారుకుంటే, సెలైన్ మార్చడానికి వచ్చిన పిల్ల చేతి గాజులు గలగలమంటాయి, కాలి పట్టీలు ఘల్లుమంటాయి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 160 ఏళ్ళ కిందటే ఈ మాట రాసింది. పట్టు బట్టల సరసర, తాళం చెవుల గలగల, బూట్ల కిర్రు, ఇవన్నీ రోగికి చేసే చెరుపు ఎంతో ఉందని ఆవిడ బాధ. అప్పట్లో నాగరికం అనుకున్న బుట్టలాంటి గౌన్లంటే ఆవిడకు ఒళ్ళుమంట. నర్సు బట్టల గురించి మాట్లాడుతూ ఆవిడ చెవి పెట్టింది రోగి వైపే. మన రూల్సులో చప్పుడు గురించి ఒక్క వాక్యం ఉండదు. వాసన గురించీ ఉండదు. రేపు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పోస్టింగ్ పడితే చూడు. కీమో ఎక్కుతున్న మనిషికి నీ తలలో మూర మల్లెపూలు వాంతి తెప్పిస్తాయి. బాడీ స్ప్రే అయితే చెప్పక్కర్లేదు. ఆసుపత్రి వాకిట్లో పూలు తీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని లోపలికి వెళ్ళిన సిస్టర్లను నేను చూశాను.

ముక్కుపుడక చిన్నదైతే, మాస్కు కిందకి వెళ్ళిపోయేదైతే, నన్నడిగితే దానితో పేచీ లేదు. ఆపరేషన్ థియేటర్లో మాత్రం అక్కడి పద్ధతే. పెళ్ళయిన పిల్లల మంగళసూత్రం లోపలికి వేసుకుని పిన్ను పెట్టుకుంటే సరి, వంగినప్పుడు పేషెంటు మొహం మీదికి వేలాడకూడదు. మెట్టెలు బూట్లలో ఉంటాయి, వాటితో ఎవరికీ పని లేదు. జడ ముడి వేసుకోమనడం మీద నువ్వు కూడా గొడవపడవనుకుంటాను. డ్రెస్సింగ్ ట్రే మీదికి వంగినప్పుడు జడ ఎక్కడ పడుతుందో చూసే ఉంటావు.

ఇక తెలుపు. ఇక్కడ కాస్త ఓపికగా విను, ఎందుకంటే మీ మేడమ్ కోపం ఇక్కడి నుంచే వచ్చింది.

మా రోజుల్లో తెల్లచీర, తల మీద టోపీ. టోపీకి రాత్రి గంజి పెట్టి, అద్దం మీద అతికించి ఆరబెట్టి, పొద్దున మడతలు పెట్టేవాళ్ళం. నాలుగు నల్ల పిన్నులతో నిలబెట్టుకోవాలి. లండన్‌లో నైటింగేల్ స్కూలు 1860లో మొదలైంది. ఆ కాలంలో టోపీ పని జుట్టును అదుపులో ఉంచడం. క్రైస్తవ సన్యాసినుల తలముసుగు నుంచి వచ్చిన అలవాటది. పోను పోను చిన్నదైపోయి, జుట్టును కప్పడం మానేసి, హోదాకు గుర్తుగా మిగిలింది. నా టోపీ ఒకసారి జారి నేరుగా స్టెరైల్ ట్రేలో పడింది. అప్పుడే పెట్టిన ట్రే మొత్తం మళ్ళీ పెట్టాల్సొచ్చింది, సర్జన్‌గారి చూపు ఇప్పటికీ గుర్తుంది. అమెరికాలో 1970, 80 దశకాల్లో దాన్ని మెల్లగా వదిలేశారు. మన దగ్గరా వార్డుల్లోంచి చాలావరకు పోయింది, దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే రోజు ఫోటోల్లో మాత్రం అక్కడక్కడా కనిపిస్తుంది.

అంత అవస్థపడి ఆ గంజి టోపీని ఎందుకు మోశామంటే, అది మాకు కవచం. నర్సు అంటే అప్పట్లో సంబంధాలు వెనక్కి పోయేవి. నైట్ డ్యూటీ అంటే ఇరుగుపొరుగు నోళ్ళు నొక్కుకునేవాళ్ళు. సినిమాల్లో నర్సు పాత్ర వచ్చిందంటే హాల్లో ఈలలు. ఆ చూపుల్ని ఆపడానికి మా సీనియర్లకు దొరికింది బట్టలే. మరక లేకుండా, ముడత లేకుండా, వెంట్రుక కదలకుండా ఉంటే ఎవడూ వేలెత్తి చూపడని నమ్మారు. మమ్మల్నీ అలాగే పెంచారు. మేమూ మీ మేడమ్‌లను అలాగే పెంచాం. పన్నెండేళ్ళు ట్యూటర్‌గా చేసి, పిల్లల చేతులు చాపించినదాన్నే నేనూ. “పెళ్ళికొచ్చావా” అనే మాట నా నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అందులో భయం ఉంది, ప్రేమ కూడా కొంత ఉంది. కానీ గోరుతో పాటు పిల్ల నడవడికను కూడా కొలిచేశామని ఇప్పుడు అనిపిస్తుంది. గోరు పెరిగితే గోరు కత్తిరించమనాలి, పెళ్ళి ఎందుకు మధ్యలో?

ఇది చెప్పింది మీ మేడమ్‌ను వెనకేసుకు రావడానికి కాదు. ఆవిడతో మాట్లాడేటప్పుడు గుర్తుపెట్టుకోమని.

ఆ నాలుగు రోజుల తెల్ల ప్యాంటు గురించి మాత్రం నేను ఏ మేడమ్‌కీ జడవను. మంచం మీదున్న మనిషికి నీ ప్యాంటు తెల్లగా ఉన్నా, ముదురు నీలంగా ఉన్నా ఒకటే. తెలుపులో మరక కనిపిస్తుంది కాబట్టి శుభ్రం అంటారు. నిజమే, పైన వేసుకునే కోటు తెలుపుంటే ఆ మాటకు అర్థముంది. ప్యాంటుకు ఎందుకు? ప్రతి పది నిమిషాలకూ వెనక్కి తిరిగి చూసుకునే పిల్ల కేస్ షీటు మీద మనసు పెట్టలేదు. ముదురు రంగు ప్యాంటుకు మార్చిన కాలేజీలు చాలానే ఉన్నాయి, అక్కడ ఆకాశమేమీ విరిగిపడలేదు. అంతదాకా లోపల ఒంటి రంగుకు దగ్గరగా ఉన్న లెగ్గింగ్ వేసుకో. తెల్ల ప్యాంటు కింద తెల్ల లోదుస్తులు ఇంకా ఎక్కువ కనబడతాయి, ఇది చాలామందికి తెలియదు. ఒక జత ప్యాంటు వార్డు లాకర్లో పెట్టుకో. బట్ట కొనేటప్పుడు అరచెయ్యి లోపల పెట్టి చూడు, గీతలు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయ్.

నీ ఫ్రెండ్ స్కార్ఫ్ సంగతి. అదే మంచం, అదే కొలత. కొసలు లోపలికి దోపి పిన్ను పెట్టుకుంటే, రోజూ ఉతికింది కట్టుకుంటే, చేతులు మోచేతుల దాకా బయట ఉంటే, పేషెంటుకు దాని వల్ల ఇబ్బందేముంది? ఒక రకంగా చెప్పాలంటే జుట్టు మొత్తం కప్పే పని మా టోపీ కన్నా అదే బాగా చేస్తుంది. థియేటర్లోకి వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి కట్టుకొచ్చింది తీసి, అక్కడిచ్చే హుడ్ వేసుకోవాలి. తలా మెడా కప్పే రకం అడిగి తీసుకోవచ్చు. చీరలకు బదులు చుడీదార్లు వచ్చిన కొత్తలో చున్నీ లేకుండా వార్డులో అడుగుపెట్టనిచ్చేవాళ్ళం కాదు. ఆ చున్నీ కొసలు బెడ్‌ప్యాన్‌లో మునిగిన సందర్భాలు నేను చెప్తే నువ్వు అన్నం తినవు. వేలాడే చున్నీ కావాలన్న నోటితోనే దోపుకున్న స్కార్ఫ్ వద్దంటే దానికి ఇన్ఫెక్షన్ కారణం చెప్పడం కుదరదు.

అబ్బాయిలను ఎందుకు నిలబెట్టరని అడిగావు. నిలబెట్టాలి. చిటికెన వేలి గోరు పెంచుకునేది వాళ్ళే. చేతికి కడియం వాళ్ళకే. గడ్డం పెంచితే ఎన్95 మాస్కు మొహానికి అతుక్కోదు, పక్కల నుంచి గాలి లోపలికి పోతుంది. టీబీ వార్డులో అది వాడికే ముప్పు. మన హాస్టళ్ళలో జుట్టు కత్తిరింపు మీద అబ్బాయిలతో ఒక ముక్క మాట్లాడి వదిలేస్తారు, అమ్మాయిలను మాత్రం వరసలో నిలబెడతారు. వరస పెడితే ఇద్దరికీ పెట్టమను.

ఒక విషయం నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పేరు బ్యాడ్జి. ఇన్ని రూల్స్ రాశావు, బ్యాడ్జి గురించి మీ కాలేజీ ఏమంటుందో రాయలేదు. ఉస్మానియాలోనో గాంధీలోనో ఒక జనరల్ వార్డులో నిలబడి చూడు. ఒక్కో మంచం చుట్టూ మెడికోలు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా పిల్లలు, బీఎస్సీ పిల్లలు, ల్యాబ్ వాళ్ళు, అందరూ తెల్లకోట్లే. పేషెంటుకు అందరూ సిస్టరమ్మలే, లేకపోతే డాక్టరు బాబులే. ఎవరిని నీళ్ళడగాలో, ఎవరిని నొప్పి గురించి అడగాలో తెలియదు. బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అని ఒక డాక్టరు ఉండేది. క్యాన్సర్‌తో తనే మంచమెక్కింది. తన దగ్గరికొచ్చే వాళ్ళలో చాలామంది తామెవరో చెప్పకుండానే ఒంటి మీద చెయ్యి వేస్తున్నారని గమనించి, 2013లో “హలో, నా పేరు ఫలానా” అని చెప్పడంతో మొదలుపెట్టండంటూ ఒక ఉద్యమమే నడిపింది. 2016లో చనిపోయింది. మీ బ్యాచ్‌లో ఎంతమంది పేషెంటుకు పేరు చెప్పి బీపీ కఫ్ చుడతారో ఒకసారి లెక్కపెట్టు. యూనిఫాం వేసుకుంటేనే ఫీలింగ్ వస్తుందనే మీ హాస్టల్ సగం మందికి నేను చెప్పేదిదే. నీకు ఫీలింగ్ రావడం మంచిదే, అవతలివాళ్ళకు నువ్వెవరో తెలియాలి కదా. బట్టలదేముందనే మిగతా సగం మందికీ ఇదే జవాబు. నిన్ను మొదటిసారి చూస్తున్న మనిషికి నీ చేతిలో పని కనబడదు, నీ బట్టలూ బ్యాడ్జీయే కనబడతాయి.

నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో పోస్టింగ్ పడితే మాత్రం బిడ్డను ఎత్తుకునే ముందు బ్యాడ్జి పిన్ను చూసుకో. పసిబిడ్డ చెంప సరిగ్గా దాని ఎత్తుకే వస్తుంది. క్లిప్పు ఉన్నది నయం, జేబుకు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు మేడమ్‌తో మాట్లాడటం. ఒక్కదానివే వెళ్ళకు. కోపంలో వెళ్ళకు. పోస్టింగ్ మధ్యలో అసలు వెళ్ళకు. ముందు గోళ్ళు కత్తిరించుకుని, పాలిష్ తుడిచేసుకుని వెళ్ళు, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఆవిడ కళ్ళు మొదట పడేది నీ వేళ్ళ మీదే. “మేడమ్, గోళ్ళ విషయంలో తప్పు నాది” అని మొదలుపెట్టు. ఆ ఒక్క మాటతో సగం మంచు కరుగుతుంది. తర్వాత అటెండెన్స్ గురించి అడుగు. గోరింటాకు గురించి కాలేజీ రూల్స్‌లో రాసి ఉందా అని మర్యాదగా అడుగు. రాసి లేకపోతే ఆవిడే ఆలోచిస్తుంది. పేషెంట్ల ముందు అన్నందుకు బాధపడ్డానని కూడా చెప్పు, మెల్లగా, ఒక్కసారి. అది చెప్పకుండా వస్తే నీ మనసులో ముల్లు అలాగే ఉండిపోతుంది.

ప్యాంటు, స్కార్ఫ్, అబ్బాయిల సంగతి ట్యూటర్ మేడమ్ చేతిలో ఉండేవి కావు. వాటికి ప్రిన్సిపల్‌గారికి క్లాసు తరఫున ఉత్తరం రాయండి. ఒక పేజీ చాలు. క్లాస్ రెప్‌తో పాటు ఇద్దరు అబ్బాయిల సంతకాలు కూడా ఉండేలా చూడు. అమ్మాయిల గోల అని పక్కన పడేయకుండా ఉంటుంది. మాకు ఇష్టం లేదు అని రాయొద్దు. ఫలానా మార్పు వల్ల పేషెంటుకు నష్టం లేదు, మాకు పని తేలికవుతుంది అని రాయండి. వచ్చే బ్యాచ్ నుంచి మార్చినా సరే అని చేర్చండి. ఇప్పటికే కొన్న బట్టలు పారేయమంటే తల్లిదండ్రులు మీదికొస్తారని కాలేజీకి ఒక భయం ఉంటుంది, ఆ భయం తీరుతుంది.

అదే ఉత్తరంలో బట్టలు మార్చుకునే గది కూడా అడగండి. యూనిఫాంతో బయట తిరగొద్దంటారు, మార్చుకునే చోటు చూపించరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా కిక్కిరిసిన బస్సులో తెల్లకోటుతో నిలబడి వచ్చిన పిల్ల, వానాకాలంలో ఏం శుభ్రంగా దిగుతుంది? నిజానికి యూనిఫాం బట్ట ద్వారానే జబ్బులు అంటుకుంటాయని గట్టి రుజువు లేదని బ్రిటన్ ఆరోగ్య శాఖే తన సమీక్షలో రాసుకుంది. చేతులతో పోల్చితే బట్టల పాపం తక్కువ. అయినా ఆసుపత్రి కోటుతో మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడితే చూసేవాడికి మన మీద నమ్మకం పోతుంది, అది కూడా నష్టమే. 60 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు ఉతికితే దాదాపు అన్నీ పోతాయంటారు. హాస్టల్ బకెట్లో అంత వేడి నీళ్ళు ఎక్కడివి అంటావు. గీజరు నీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెట్టి, ఎండలో ఆరేసి, వేడిగా ఇస్త్రీ చెయ్యి. మిగతా బట్టలతో కలపకు. బూట్లు మాత్రం వేళ్ళు మూసేవే వేసుకో. చేతిలోంచి జారిన సూది నిటారుగా పడితే, వేళ్ళు బయటికి కనిపించే చెప్పులు దాన్ని ఆపవు.

రీల్స్ గురించి నువ్వు అడగలేదు, నేనూ ఎక్కువ చెప్పను. యూనిఫాంలో ఫోటో దిగి మీ అమ్మకు పంపుకో, గోడకు పెట్టుకో. వెనకాల మంచం, మంచం మీద మనిషి, కేస్ షీటు మీద పేరు కనిపించే వీడియో మాత్రం ఎక్కడా పెట్టకు. గోరింటాకు కన్నా నూరు రెట్లు పెద్ద తప్పది.

మిగిలింది వాచీ. ఒకరు వద్దంటారు, ఒకరు ఏదంటారు అని విసుక్కున్నావు. ఇద్దరూ కరెక్టే. కోటు జేబు పైన పిన్నుతో తలకిందులుగా వేలాడే నర్సు వాచీ కొనుక్కో. కోఠిలో పుస్తకాల కోసం వెళ్ళినప్పుడు స్టెత్‌లు, బీపీ మిషన్లు అమ్మే షాపుల్లో అడిగితే దొరుకుతుంది. డిజిటల్ది వద్దు. సెకన్ల ముల్లు ఎర్రగా, పొడుగ్గా ఉన్నది చూడు. డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే నిలబడి ఒక నిమిషం నీ నాడి చూసుకో. ముల్లు సరిగ్గా కనబడుతోందో లేదో తెలిసిపోతుంది.